జార్లకిచ్చిన చెక్క తాంబాళాలు: ఎక్కడ చూడాలి, ఎక్కడ దిగాలి

మనకు పూర్ణకుంభం ఎలాగో రష్యన్లకు 'ఖ్లెబ్-సోల్' అలాగ. ఖ్లెబ్ అంటే రొట్టె, సోల్ అంటే ఉప్పు. కుట్టుపని చేసిన పొడవాటి తువ్వాలు, దానిమీద పళ్ళెం, పళ్ళెంలో గుండ్రటి రొట్టె, రొట్టె నడినెత్తిన ఉప్పుగిన్నె. జార్ చక్రవర్తికి ఇలా ఎదురెళ్ళేవారు. రొట్టె ఆ పూటకే. పళ్ళెం మాత్రం కానుకగా ఉండిపోయేది. 1883లో మూడో అలెగ్జాండర్ పట్టాభిషేకం, 1896లో రెండో నికొలాయ్ పట్టాభిషేకం, 1913లో రొమానోవ్ వంశానికి 300 ఏళ్ళు నిండిన వేడుక, ఇలాంటి ప్రతి సందర్భంలోనూ పళ్ళేలు వచ్చి పడ్డాయి. వాటిలో వెండివీ ఉన్నాయి, చెక్కవీ ఉన్నాయి. ఈ యాత్ర చెక్కవాటి కోసం.

అందుకే మాస్కో క్రెమ్లిన్ కోటలోని ఆయుధాగారం మ్యూజియాన్ని ఈ పనికి లెక్కలోంచి తీసేయవచ్చు. అక్కడి గొప్పతనమంతా వెండి బంగారాలది, పైగా టికెట్ గంటల లెక్కన ఇస్తారు, గురువారం మూత. చెక్క పని తెలియాలంటే మాస్కోలో దెలెగాత్‌స్కయా వీధిలోని అలంకరణ కళల మ్యూజియం మేలు. త్స్వెత్నోయ్ బుల్వార్ మెట్రో నుంచి నడిచి వెళ్ళొచ్చు. జనం తక్కువ, అద్దం దగ్గర ఎంతసేపు నిలబడ్డా ఎవరూ తోయరు.

పళ్ళెం ముందు నిలబడ్డాక చూపు మధ్యలోకి కాదు, అంచుకు వెళ్ళాలి. ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు అన్నది అంచు మీదే ఉంటుంది. రష్యన్ లిపిలో ఇంగ్లిషు హెచ్‌లా కనబడే అక్షరం 'న'కారం. కిరీటం కింద ఆ అక్షరమూ రెండు నిలువు గీతలూ ఉంటే రెండో నికొలాయ్. 'ఎ' పక్కన మూడు గీతలుంటే మూడో అలెగ్జాండర్. 'ఓత్' అన్న చిన్న మాట 'ఫలానావారి నుంచి' అని చెబుతుంది, దాని వెనకే ఊరో సంఘమో వస్తుంది. తేదీ దగ్గర చాలామంది పొరబడతారు. అప్పటిది పాత పంచాంగం: 19వ శతాబ్దంలో 12 రోజులు, 20వ శతాబ్దంలో 13 రోజులు వెనక. నికొలాయ్ పట్టాభిషేకం పళ్ళెం మీద మే 14 అని ఉంటే ఇప్పటి లెక్కలో అది మే 26. పేరూ తేదీ ఏమీ లేకుండా రొట్టె-ఉప్పు సామెత ఒక్కటే చెక్కి ఉంటే అది చాలావరకు ఇంటి వాడకానికో దుకాణానికో చేసిన పళ్ళెం.

రెండో రోజు అబ్రామ్‌త్సెవోకు. ఈ యాత్రలో ఒక్క చోటుకే వీలైతే ఇదే ఎంచుకోండి. పారిశ్రామికవేత్త, కళాపోషకుడు సావా మామొంతొవ్ 1870లో కొన్న ఎస్టేటు ఇది, ఇప్పుడు మ్యూజియం. 1876లో ఇక్కడ రైతుపిల్లలకు వడ్రంగం నేర్పే వర్క్‌షాపు మొదలైంది, 1885 నుంచి చిత్రకారిణి యెలెనా పొలెనొవా దాన్ని నడిపింది. పక్కనే ఉన్న కుద్రినో పల్లెలో వసీలీ వొర్నొస్కొవ్ ఆ పనికి తనదైన రూపం ఇచ్చాడు. ఆకు, పక్షి అన్నీ లోతు తక్కువ చెక్కడంలో ఉంటాయి, అంచులు కత్తిరించినట్టు కాక గుండ్రంగా వాలి, వేలు జారేంత నునుపుగా మెరుస్తాయి. కర్ర ఎక్కువగా లిండెన్. మన కొండపల్లి తెల్లపొణికిలాగే మెత్తన, ఉలికి ఎదురుతిరగదు.

మాస్కో యరస్లావ్‌స్కీ స్టేషన్‌లో సెర్గియెవ్ పసాద్ వైపు వెళ్ళే లోకల్ ఎక్కాలి. దూరం 60 కిలోమీటర్ల దరిదాపు, గంటకు పైనే పడుతుంది. అన్ని బళ్ళూ అబ్రామ్‌త్సెవోలో ఆగవు, బోర్డు చూసి ఎక్కండి. ఆగని బండి ఎక్కేస్తే హోత్‌కొవోలో దిగి టాక్సీ పట్టుకోవడమే. ప్లాట్‌ఫాం నుంచి అడవి దారిలో దాదాపు కిలోమీటరున్నర నడక. మంచు కరిగే ఏప్రిల్‌లో అదంతా బురద. సోమ, మంగళవారాలు పెట్టుకోకండి. ఏ భవనం ఆ రోజు తెరిచి ఉందో టికెట్ కొనేముందే అడగండి. మిగిలిన పూట సెర్గియెవ్ పసాద్‌కు చాలు: మఠం, దగ్గర్లోనే పాత గుర్రపుశాల భవనంలో జానపద కళల మ్యూజియం.

బసకు యరస్లావ్‌స్కీ స్టేషన్ దగ్గరి కొమ్సమోల్‌స్కయా మెట్రో చుట్టుపక్కల దిగితే పొద్దున్నే లోకల్ అందుకోవచ్చు. పీటర్స్‌బర్గ్ వెళ్ళే లెనిన్‌గ్రాద్‌స్కీ స్టేషన్ కూడా అదే కూడలిలో ఉంది. మూడు స్టేషన్ల రద్దీ కాబట్టి రాత్రి మోత తప్పదు. శని, ఆదివారాలు కలిసొస్తే 1980 ఒలింపిక్స్‌కు కట్టిన ఇజ్మాయిలొవో హోటళ్ళు నయం, చెక్కసామాను దొరికే సంత నడక దూరంలోనే. అక్కడి పార్తిజాన్‌స్కయా మెట్రో నుంచి కూర్‌స్కయాలో మారితే తర్వాతి స్టాపే కొమ్సమోల్‌స్కయా. ఫ్లాట్ అద్దెకు తీసుకుంటే విదేశీయుల నమోదు యజమాని చేస్తాడో లేదో ముందే తేల్చుకోండి, హోటల్‌లో అయితే ఆ పని వాళ్ళదే. మన వీసా, మాస్టర్ కార్డులు 2022 నుంచి పనిచేయడం లేదు, నగదే దిక్కు. శాకాహారులు 'పోస్త్‌నయె' అని అడగాలి. అది ఉపవాసాల వంట, మాంసం, గుడ్డు, పాలు ఉండవు. కొన్ని రోజుల్లో చేప ఉంటుంది కాబట్టి అదీ అడగండి.

సంతలో కొనేటప్పుడు పళ్ళెం తిరగేసి చూడండి. ఒకే చెక్క అయితే ముందువైపు కనిపించే చారలు వెనక్కీ సాగుతాయి. అతుకు ఉంటే గీత దొరుకుతుంది. చేతి చెక్కడంలో గాడి అడుగున ఉలి దెబ్బలు ఒకదానికొకటి కాస్త తేడాగా ఉంటాయి, మెషిన్‌లో ప్రతి ఆకూ అచ్చు గుద్దినట్టు. పాతదని చెప్పి అమ్మితే జాగ్రత్త. 50 ఏళ్ళు దాటిన వస్తువుకు కాగితాలు లేకపోతే విమానాశ్రయంలో ఆపేస్తారు. కొత్తదానికి రసీదు ఉంచుకోండి.

హీటర్ల గదుల్లో ఎండిన కర్ర మన తీరపు ఉక్కలోకి ఒక్కసారిగా వస్తే తేమ పీల్చి వంగుతుంది. తర్వాత ఏసీ గాలికి ఆరి బీట తీస్తుంది. ఇంటికి తెచ్చాక ప్లాస్టిక్ తీసేసి, కాగితంలో వదులుగా చుట్టి రెండు వారాలు నీడలో ఉంచండి. ఆ తర్వాతే గోడకు తగిలించండి, వంటింటి వైపు మాత్రం వద్దు.