మూడేళ్లుగా నా భుజాన ఉన్న పాత డీ750

నేను బెంగళూరులో పెళ్లి ఫొటోలు తీస్తాను. కేఆర్ పురం, మారతహళ్లి వైపు మన తెలుగువాళ్ల పెళ్లిళ్లే ఎక్కువ. సీజన్‌లో చింతామణి, బాగేపల్లి, హోసూరు దాకా తిరుగుతాను. మెయిన్ కెమెరా నికాన్ డీ850. దానికి తోడుగా 2022లో ఒక సెకండ్ హ్యాండ్ డీ750 తీసుకున్నాను. బ్యాకప్ కోసం పాత డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకు నా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

కొనక తప్పని పరిస్థితి చింతామణిలో వచ్చింది. తలంబ్రాల దగ్గర జనం ఒక్కసారిగా ముందుకు తోసుకొచ్చారు. నా చేతిలో కెమెరా జారి స్టేజీ మెట్టు మీద పడి, లెన్స్ మౌంట్ వంగిపోయింది. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ అప్పటికే అయిపోయాయి కాబట్టి బతికిపోయాను. వీడియో తీసే తమ్ముడి దగ్గరున్న చిన్న కెమెరా అడిగి తీసుకుని అప్పగింతల దాకా లాక్కొచ్చాను. పెళ్లివాళ్లు ఒక్క మాట అనలేదు. కానీ ఆల్బమ్‌లో ఆ పేజీలు నాకు ఇప్పటికీ వేరుగా కనిపిస్తాయి.

డీ750కి పెట్టిన డబ్బుతో చిన్న సెన్సర్ ఉన్న కొత్త బాడీ (లెన్స్ లేని కెమెరా) వచ్చేది. వద్దనుకున్నాను. నా 24-70 (వెడల్పు దృశ్యాలకు), 85 (దగ్గరి ముఖాలకు) లెన్సులు రెండు బాడీల మీదా ఒకే వెడల్పు దృశ్యం చూపాలి, రెండింటికీ ఒకే బ్యాటరీలు పట్టాలి. డీ750 2014లో వచ్చిన ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా, 24 మెగాపిక్సెళ్లు, రెండు ఎస్‌డీ కార్డులు పడతాయి. డీ850 బ్యాటరీ దీనికీ సరిపోతుంది. ఈ రెండు కార్డుల సంగతి నాకు ముఖ్యం. ఒకే కార్డు పట్టే కెమెరాతో ముహూర్తం తీయాలంటే నాకు టెన్షన్.

ముందు బీవీకే అయ్యంగార్ రోడ్డులో రెండు షాపులు చూశాను. ఒకచోట, నా కార్డు వేసి ఒక్క ఫొటో తీసుకుంటానంటే ఒప్పుకోలేదు. అక్కడే ఆపేశాను. చివరికి రామమూర్తి నగర్‌లో ఒక సీనియర్ ఫొటోగ్రాఫర్ దగ్గర దొరికింది. ఆయన మిర్రర్‌లెస్‌కి (అద్దం లేని కొత్త రకం కెమెరాకి) మారిపోయారు. వాళ్ల ఇంటి మేడ మీద గంటసేపు కూర్చుని పరీక్ష చేశాను. "అన్నా, ఇంకో పది నిమిషాలు చూసుకుంటాను, ఏమీ అనుకోకండి" అంటే, "నిదానంగా చూసుకో తమ్ముడూ, ముహూర్తానికి వాడే వస్తువు" అన్నారు. ఆ మాటతోనే సగం నమ్మకం కుదిరింది.

మొదట ఒక జేపీఈజీ తీసి లాప్‌టాప్‌లో వేశాను. నికాన్ ఫొటో ఫైల్లోనే షట్టర్ కౌంట్ (అప్పటిదాకా తీసిన ఫొటోల లెక్క) ఉంటుంది, 61 వేల చిల్లర చూపించింది. తర్వాత సెన్సర్ మీద దుమ్ము ఉందేమో చూడటానికి ఎఫ్16 (లెన్స్ ద్వారం బాగా చిన్నది) పెట్టి ఖాళీ ఆకాశాన్ని తీసి పెద్దది చేసి చూస్తే, కుడివైపు పై మూలన రెండు మసక చుక్కలు. బ్లోయర్‌తో ఊదితే ఒకటి పోయింది, రెండోది తర్వాత సర్వీసులో పోయింది. తెల్లగోడను వేరువేరు షట్టర్ స్పీడుల్లో, చివరికి దీని గరిష్ఠ వేగం 1/4000 సెకనులో కూడా తీసి, ఎక్కడైనా నీడ పట్టీలా పడుతుందేమో చూశాను. అడుగు స్క్రూల తలలు గీసుకుపోయి ఉంటే ఎవరో విప్పారని అర్థం. ఇవి నున్నగానే ఉన్నాయి. ఫ్లాష్ తగిలించి ఇరవై సార్లు వెలిగించాను. స్క్రీన్ పైకీ కిందికీ వంచాను. రెండు స్లాట్లలోనూ కార్డులు మార్చి మార్చి రాయించాను.

ఈ మోడల్ కొనేవాళ్లు షట్టర్ సంగతి ప్రత్యేకంగా అడగాలి. కొన్ని కెమెరాల్లో షట్టర్ సరిగా పనిచేయక ఫొటోలో ఒక భాగం నల్లబడుతోందని నికాన్ 2015లో ప్రకటించి ఉచితంగా బాగుచేసింది. తర్వాత మరికొన్ని సీరియల్ నంబర్లను ఆ జాబితాలో చేర్చింది. అందుకే అడుగున ఉన్న నంబరు చూడాలి, అది బిల్లులోని నంబరుతో కలవాలి, సర్వీసు కాగితం ఉంటే అడగాలి. ఆయన దగ్గర పెట్టె, బిల్లు, ఛార్జర్, రెండు బ్యాటరీలు అన్నీ ఉన్నాయి. 54 వేలకు తెచ్చుకున్నాను.

బ్యాకప్ అని బ్యాగులో పెడితే అది ఉన్నా లేనట్టే. మొదటి పెళ్లి నుంచే రెండూ భుజాలకు తగిలించుకున్నాను. డీ850 మీద 24-70, దీని మీద 85. జీలకర్ర బెల్లం పెట్టుకుని అడ్డుతెర దించగానే పెళ్లికూతురు కళ్లెత్తి చూస్తుంది చూడండి, ఆ చూపు రెండు మూడు సెకన్లు కూడా ఉండదు. లెన్స్ మార్చే టైం ఎక్కడిది? తెర దిగేటప్పుడు పెద్ద ఫ్రేమ్ డీ850తో, ఆ కళ్లు డీ750తో. నా మంచి ఫొటోల్లో చాలావరకు ఇప్పుడు ఈ రెండో బాడీవే. బంధువులు మండపం చుట్టూ గోడ కట్టినట్టు నిలబడితే, స్క్రీన్ వంచి చేతులెత్తి వాళ్ల తలల మీదుగా తీస్తాను. ఐఎస్ఓ (వెలుతురు తక్కువైతే పెంచే సెట్టింగ్) 3200 దాకా ఆలోచించకుండా పెడతాను, 6400 కూడా ఆల్బమ్ సైజులో బాగానే వస్తుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. డీ850 అలవాటైన వేళ్లకు దీనిలో ఏఎఫ్-ఆన్ (ఫోకస్ చేయించే) బటన్ లేకపోవడం మొదటి నెల నరకం చూపించింది. ఏఈ-ఎల్ బటన్‌కి ఫోకస్ పని అప్పగించాక కుదుటపడ్డాను. 51 ఫోకస్ పాయింట్లూ మధ్యలోనే గుమిగూడి ఉంటాయి, ముఖం ఫ్రేమ్ అంచున ఉంటే కష్టం. మిట్టమధ్యాహ్నం ఆరుబయట 85ని ఎఫ్1.8లో (ద్వారం పూర్తిగా తెరిచి) వాడదామంటే 1/4000 చాలదు, లెన్స్ ద్వారం చిన్నది చేయాల్సిందే. వీడియో నాణ్యత 1080 దగ్గరే ఆగిపోతుంది, 4కే రాదు. రెండో ఏడాదిలో రబ్బరు పట్టు వదులైతే అంటింపించాను.

రెండు కెమెరాల రంగులు కలపడానికి మాత్రం ఓపిక కావాలి. రంగుల సెట్టింగ్‌ని ఆటోమేటిక్‌లో వదిలేస్తే ఎల్ఈడీ లైట్ల కింద పసుపు రాసిన ముఖం ఒకదానిలో ఒకలా, ఇంకోదానిలో ఒకలా వస్తుంది. ఇప్పుడు రెండింట్లోనూ కెల్విన్ (లైటు రంగును తెలిపే అంకె) చేత్తోనే పెడతాను. గడియారాలు కూడా కలపండి. ఒకసారి ఇది పదకొండు నిమిషాలు వెనకబడి ఉన్న సంగతి చూసుకోలేదు. కంప్యూటర్‌లో వరస పెడితే తలంబ్రాలు ముందు, తాళి వెనక వచ్చాయి. నాలుగు వేల ఫొటోలు సరిచేయడానికి ఒక రోజంతా పట్టింది.

పోయినేడు హోసూరులో తెల్లవారుజాము ముహూర్తం. పన్నీరు బుడ్డి పట్టుకున్న పిల్లాడు ఉత్సాహంగా చల్లుతూ నా డీ850 మీద కూడా గుమ్మరించాడు. పై బటన్లు పనిచేయడం మానేశాయి. బ్యాటరీ తీసేసి, గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, 24-70ని డీ750కి బిగించాను. నిమిషం పట్టలేదు. అప్పటికి పంతులుగారు ఇంకా సంకల్పంలోనే ఉన్నారు. ఆ పెళ్లి మొత్తం, దాదాపు 1900 ఫొటోలు, ఈ పాత బాడీయే తీసింది. ఆల్బమ్ చూసి ఎవరూ తేడా అడగలేదు.

మీ మెయిన్ కెమెరా మిర్రర్‌లెస్ అయితే ఇది కొనమని చెప్పను. రెండు రకాల లెన్సులు మోయాల్సి వస్తుంది, లేదంటే అడాప్టర్‌తో సర్దుకోవాలి. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్ లెన్సులు చేతిలో ఉన్నవాళ్లకైతే మాత్రం ధైర్యంగా చెబుతాను.

ఇప్పుడు కౌంట్ 1,34,000 దాటింది. ఈ షట్టర్‌ని పరీక్షించింది 1,50,000కి. ఆ అంకె దాటినా నడిచేవి నడుస్తాయి, కానీ పెళ్లి మధ్యలో ఆ సంగతి తేల్చుకోవడం నాకిష్టం లేదు. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి అప్పుడే సర్వీసుకిస్తాను, ఈసారి షట్టర్ కూడా మార్పించేస్తాను. శ్రావణంలో మొదటి పెళ్లి బాగేపల్లిలో ఉంది, అప్పటికి తిరిగి భుజానికి రావాలి.