ఆస్ట్రోశాట్: పరిశోధన సాధనంగా ఒక సమీక్ష

2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి కక్ష్యకు చేరిన ఇస్రో వారి అంతరిక్ష వేధశాల ఆస్ట్రోశాట్‌ను పరిశోధన సాధనంగా పరిశీలిస్తే, దాని అసలు బలం ఒకే ఖగోళ వస్తువును అతినీలలోహిత కాంతిలోను, మృదు (తక్కువ శక్తి గల), కఠిన (ఎక్కువ శక్తి గల) ఎక్స్‌-కిరణాలలోను ఏకకాలంలో గమనించగలగడమేనని స్పష్టమవుతుంది. కృష్ణబిలం చుట్టూ సుడి తిరిగే వాయువు ఒక్క సెకను గడవకముందే తన ప్రకాశాన్ని మార్చుకోగలదు కనుక, ఒక కాంతిని ఇవాళ, మరొకదాన్ని రేపు కొలిచి పోల్చడం వల్ల ప్రయోజనం తక్కువ. చిత్రాల స్పష్టతలో మాత్రం నాసా వారి ఎక్స్‌-కిరణ వేధశాల చంద్రా ఎంతో ముందుంది. దానికి అర ఆర్క్‌సెకను (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు కోణం) సూక్ష్మత ఉండగా, ఆస్ట్రోశాట్ మృదు ఎక్స్‌-కిరణ దూరదర్శినిది ఆర్క్‌నిమిషాల (ఒక్కోటి 60 ఆర్క్‌సెకన్లు) స్థాయి. ఆస్ట్రోశాట్‌లోని ఎక్స్‌-కిరణ పరికరం లాక్స్‌పీసీకి చెందిన మూడు డిటెక్టర్లలో ఒకటి గ్యాస్ కారిపోయి 2018లో ఆగిపోవడం బాధాకరమైన లోటు. అయినా, పరిశీలన చేసినవారికే ప్రత్యేకించిన గడువు తీరాక డేటా అందరికీ ఉచితంగా లభిస్తుంది కాబట్టి, ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం వెతుకుతున్న విద్యార్థులకు నేను మొదట దీన్నే సూచిస్తాను.