గదిలో సేఫా, రిసెప్షన్ లాకరా, సూట్‌కేసా, ఒంటి మీదా: ఏది మేలు?

హోటల్లో దిగాం, స్నానం అయింది, ఊరు చూడ్డానికి బయల్దేరాలి. పాస్‌పోర్టు, నగదు, ల్యాప్‌టాప్, కెమెరా, ఉంటే కొంచెం బంగారం, ఇవన్నీ ఎక్కడ పెట్టి వెళ్లాలి? ఎవరిని అడిగినా "గదిలో సేఫ్ ఉంటుందిగా, అందులో పడెయ్" అంటారు. ఇంకొకరు దాన్ని అస్సలు నమ్మొద్దంటారు. ఇద్దరూ సగం సగమే కరెక్ట్. ఏది గట్టిది అని చూస్తూ కూర్చుంటే ఈ వాదన తేలదు. నేనైతే రెండే చూస్తాను: అక్కడ పెడితే నేను కాక ఇంకెవరు తీయగలరు, పోతే ఎవరు జవాబు చెప్పాలి.

ముందు గదిలో సేఫ్ సంగతి. మీరు పెట్టిన నాలుగంకెల కోడ్ మీకు తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ తీయలేరనుకుంటే పొరపాటు. కోడ్ మర్చిపోయేవాళ్లు, సేఫ్ మూసేసి వెళ్లిపోయేవాళ్లు, బ్యాటరీ అయిపోయి తలుపు రాక లబోదిబోమనేవాళ్లు హోటళ్లకి రోజూ తగులుతూనే ఉంటారు. వాళ్ల కోసం సిబ్బంది దగ్గర ఒక మాస్టర్ కోడో, చేత్తో పట్టుకుని వచ్చే చిన్న పరికరమో, మామూలు తాళంచెవో ఉండి తీరుతుంది. చాలా సేఫ్‌లకి ముందువైపు కంపెనీ పేరున్న చిన్న పలక ఉంటుంది చూడండి, తాళంచెవి పెట్టే రంధ్రం దాని వెనకే ఉంటుంది. ఇంకో చిక్కేమిటంటే, కొన్ని సేఫ్‌లకి ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు మాస్టర్ కోడ్ అన్నీ సున్నాలో, అన్నీ తొమ్మిదులో ఉంటుంది, బిగించేటప్పుడు మార్చుకోవాలి. మార్చని హోటళ్లు ఉన్నాయి. ఆ సంగతి దొంగలకీ తెలుసు.

అలాగని పనికిరాదని కొట్టిపారేయకండి. హోటల్ గదిలో దొంగతనం అంటే సినిమాల్లోలా డ్రిల్ పట్టుకుని రానక్కర్లేదు, గది ఊడుస్తున్నప్పుడు తలుపు బార్లా తీసి ఉంటుంది, ఎవడో "నా గదే" అన్నట్టు ధీమాగా లోపలికి వస్తాడు, బల్ల మీద పర్సు కనపడుతుంది, జేబులో వేసుకుని పోతాడు. అలాంటివాడిని ఆపడానికి ఈ డబ్బా చాలు. కాకపోతే గోడకో, అలమరాకో బోల్టులు వేసి బిగించి ఉందా లేదా అని ఒకసారి రెండు చేతులతో గట్టిగా లాగి చూడండి. కదిలి చేతిలోకి వచ్చిందంటే మీ విలువైన వస్తువులన్నీ మీరే సర్ది, మోసుకెళ్లడానికి వీలుగా పెట్టినట్టే. పుట్టిన సంవత్సరం, గది నంబరు, వరసగా 1234 లాంటివి కోడ్‌గా వద్దు. మూశాక మీటల్ని ఒకసారి బట్టతో తుడవండి, వేలి జిడ్డు ఏ అంకెల మీద ఉందో చెప్పేస్తుంది. కార్డు గీకితే తెరుచుకునే పాత రకం సేఫ్ అయితే బ్యాంకు కార్డు మాత్రం గీకొద్దు, మాగ్నెటిక్ పట్టీ ఉన్న పనికిరాని కార్డేదైనా వాడండి.

చాలామందికి తెలియని మంచి విషయం ఇంకొకటుంది. చాలా ఎలక్ట్రానిక్ సేఫ్‌లు ఎప్పుడెప్పుడు తెరుచుకున్నాయో, మామూలు కోడ్‌తోనా మాస్టర్ కోడ్‌తోనా అన్నది లోపల నమోదు చేసుకుంటాయి. వస్తువు పోతే "మా సిబ్బంది అలాంటివాళ్లు కాదండీ" అనే మాట దగ్గర ఆగిపోకుండా ఆ చిట్టా తీయించమని అడగండి. తలుపు తాళానికీ అలాంటి చిట్టానే ఉంటుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈ చిట్టా ఉంటే ఎక్కడ వెతకాలో కొంచెమైనా తెలుస్తుంది.

తలుపు గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే "కార్డు తాళం కదా, ఇంకేం భయం" అనుకునేవాళ్లు ఎక్కువ. 2012లో కోడీ బ్రోషస్ అనే పరిశోధకుడు బ్లాక్ హ్యాట్ అనే కంప్యూటర్ భద్రతా సదస్సులో ఆనిటీ కంపెనీ హోటల్ తాళాలను చిన్న సర్క్యూట్‌తో ఎలా తెరవొచ్చో చూపించాడు. 2018లో ఎఫ్-సెక్యూర్ అనే సైబర్ భద్రతా కంపెనీ పరిశోధకులు ఇంకో పెద్ద కంపెనీ తాళాల్లో, ఒక్క గది కార్డు దొరికితే చాలు హోటల్ మొత్తానికి మాస్టర్ కార్డు తయారుచేసే లోపం బయటపెట్టారు. వాళ్లు ఆ పని మొదలుపెట్టిన కారణం ఏమిటో తెలుసా, 2003లో బెర్లిన్‌లో ఒక సెక్యూరిటీ సదస్సుకి వెళ్లిన తోటి ఉద్యోగి ల్యాప్‌టాప్ హోటల్ గదిలోంచి మాయమైంది, తలుపు పగలగొట్టిన గుర్తు ఒక్కటీ లేదు. 2024లో సాఫ్లాక్ అనే బ్రాండు హోటల్ తాళాల్లో ఇలాంటిదే బయటపడింది, ఆ లోపమున్న తాళాలు 131 దేశాల్లో 30 లక్షలకు పైనే అని కనిపెట్టినవాళ్లే చెప్పారు. కంపెనీలు సరిచేస్తూనే ఉన్నాయి, కానీ ప్రతి హోటల్లో ప్రతి తలుపుకీ మనిషి వెళ్లి మార్చాలి, అది ఏళ్లు పట్టే పని. కాబట్టి తాళం పడింది కదా అని బల్ల మీద వదిలేసి వెళ్లడం అన్నిటికన్నా అధ్వానం.

ఇప్పుడు రిసెప్షన్ లాకర్. నా ఓటు దీనికే, అయితే అన్నిటికీ కాదు. మంచి హోటళ్లలో బ్యాంకు లాకర్ పద్ధతి ఉంటుంది, ఒక తాళంచెవి మన దగ్గర, ఒకటి వాళ్ల దగ్గర, రెండూ కలిస్తేనే తెరుచుకుంటుంది. కొన్నిచోట్ల అంత ఉండదు, మీ కవరు తీసుకెళ్లి లోపలి గదిలో ఉన్న పెద్ద సేఫ్‌లో పెడతారు, అంతే. ఏ పద్ధతో మొహమాటం లేకుండా అడగండి. కవరు పద్ధతైతే అంటించిన చోట అడ్డంగా సంతకం చేసి, దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి, లోపల ఏమున్నాయో రాసిన రసీదు మీద వాళ్ల సంతకం తీసుకోండి. రసీదు ఇవ్వం, నమ్మకం మీద పెట్టండి అంటే నవ్వేసి వెనక్కి తెచ్చేసుకోవడమే మేలు.

దీని అసలు బలం ఇనప్పెట్టెలో లేదు, ఆ రసీదులో ఉంది. గదిలో సేఫ్‌లో మీరేం పెట్టారో చూసినవాడెవడు? అందులో గొలుసు ఉండేదని మీరంటారు, లేదని వాళ్లంటారు. రిసెప్షన్‌లో ఇస్తే ఆ గొడవ ఉండదు. చట్టాలు కూడా చాలా దేశాల్లో ఇదే తేడా చూస్తాయి. బ్రిటన్‌లో 1956 నాటి హోటల్ యజమానుల చట్టం ప్రకారం, నోటీసు సరిగ్గా కనపడేలా పెట్టిన హోటల్ ఒక్కో వస్తువుకి 50 పౌండ్లు, ఒక అతిథికి మొత్తం 100 పౌండ్ల వరకే బాధ్యత వహిస్తే చాలు, కానీ భద్రంగా ఉంచమని చెప్పి అప్పగించిన వస్తువుకి గానీ, సిబ్బంది తప్పు వల్లే పోయినదానికి గానీ ఆ పరిమితి వర్తించదు. జర్మనీలో పరిమితి రోజు అద్దెకి వంద రెట్లు, ఎంతైనా 3,500 యూరోలు మించదు, నగదుకీ ఆభరణాల్లాంటి వాటికీ అయితే 800 మాత్రమే, అక్కడా హోటల్‌కి అప్పగించినవాటికి ఈ గీత లేదు. న్యూయార్క్ రాష్ట్రంలో మాత్రం కొంచెం తిరకాసు: హోటల్ సేఫ్ పెట్టి నోటీసు అతికించాక కూడా మీరు అందులో పెట్టకపోతే, పోయిన నగలకీ నగదుకీ వాళ్ల బాధ్యత లేదు, పెట్టినా ప్రత్యేకంగా రాతపూర్వక ఒప్పందం లేకపోతే 1,500 డాలర్లు దాటదు. గది తలుపు వెనక ఎవరూ చదవని కాగితం ఒకటి అంటించి ఉంటుంది కదా, ఈ సంగతులు ఉండేది అందులోనే, ఒక నిమిషం నిలబడి చదవండి.

రిసెప్షన్‌తో ఇబ్బంది ఏమిటంటే, కావాల్సినప్పుడల్లా దొరకదు. తాళంచెవి ఉన్న మేనేజర్ రాత్రి ఉండడు, పొద్దున లైను ఉంటుంది, రోజుకి మూడుసార్లు వెళ్లి అడిగితే మీకే విసుగు. అందుకే ఉన్నన్నాళ్లూ ముట్టుకోని వస్తువులకే అది.

సూట్‌కేసుకి తాళం వేసి వదిలేయడం? జిప్ ఉన్న పెట్టెకి ఎంత మంచి తాళం వేసినా, బాల్‌పెన్ మొన జిప్ పళ్ల మధ్య పొడిస్తే తెరుచుకుంటుంది, తర్వాత జిప్ తలని ఆ చివర నుంచి ఈ చివరికి లాగితే మళ్లీ మూసుకుంటుంది, మీకు అనుమానం కూడా రాదు. అమెరికా విమానాశ్రయ భద్రతా సంస్థ టీఎస్ఏ తనిఖీ కోసం తన మాస్టర్ తాళంచెవితో తెరిచేలా చేసిన తాళాలదీ అదే కథ, 2014లో ఒక పత్రికలో ఆ మాస్టర్ తాళంచెవుల ఫొటో పడింది, 2015 కల్లా దాన్ని చూసి జనం త్రీడీ ప్రింటర్‌లో తాళంచెవులు చేసేసుకున్నారు. జిప్ లేకుండా గొళ్లాలతో మూసుకునే గట్టి పెట్టె అయితే కొంత నయం. సేఫ్‌లో పట్టని ల్యాప్‌టాప్‌కి ఇది తప్పదు, పెట్టెను కేబుల్ తాళంతో కదలని దేనికైనా కట్టేస్తే కనీసం పెట్టెతో సహా ఎత్తుకుపోలేరు.

పరుపు కింద, కర్టెన్ వెనక, షాంపూ సీసాల సంచిలో దాచే తెలివితేటల గురించి ఎక్కువ చెప్పను. దుప్పట్లు మార్చేవాళ్లు పరుపు ఎత్తుతారు. వాళ్లు చూడకపోతే మీరు మర్చిపోయి వెళ్లిపోతారు.

ఒంటి మీద ఉంచుకోవడం అన్నిట్లోకీ నమ్మకమైనదని పెద్దవాళ్లు అంటారు, నేను సగమే ఒప్పుకుంటాను. బట్టల లోపల కట్టుకునే పలచటి నడుం సంచిలో పాస్‌పోర్టు, ఒక కార్డు, కాసిని నోట్లు పెట్టుకుంటే ఇంకెవరి చేతిలోనూ ఉండవు, నిజమే. కానీ ఉన్నదంతా అందులోనే పెట్టి రద్దీ రైల్లో ఎక్కారనుకోండి, జరగకూడనిది జరిగితే అంతా ఒకేసారి పోతుంది. పైగా నలుగురిలో దాన్ని పైకి తీసి డబ్బు లెక్కపెట్టారంటే దాచిన ప్రయోజనమే లేదు. ఈతకి వెళ్తే అదీ కుదరదు. పాస్‌పోర్టు విషయంలో ముందు ఆ దేశం రూలేమిటో చూసుకోండి, కొన్నిచోట్ల విదేశీయులు అసలు పాస్‌పోర్టే వెంట ఉంచుకోవాలి, కొన్నిచోట్ల కాపీ చాలు.

మరి ఏది మేలంటే, నేను పంచేస్తాను. బంగారం, పెద్ద మొత్తం నగదు రసీదుతో రిసెప్షన్‌కి (అసలు ఇంట్లో వదిలి వస్తే ఈ టెన్షనే ఉండదు, అది వేరే సంగతి). రెండో కార్డు, మిగతా నగదు, కెమెరా, రూల్ ఒప్పుకుంటే పాస్‌పోర్టు గదిలో సేఫ్‌కి. ఒక కార్డు, ఆ రోజు ఖర్చు, పాస్‌పోర్టు కాపీ ఒంటి మీద. రెండు కార్డులూ ఎప్పుడూ ఒకేచోట పెట్టను. ల్యాప్‌టాప్ విషయంలో వస్తువు కన్నా లోపల ఉన్నది ముఖ్యం కాబట్టి లోపలి సమాచారాన్ని పాస్‌వర్డ్ లేకుండా చదవలేకుండా చేసే ఏర్పాటు (విండోస్‌లో బిట్‌లాకరో, మ్యాక్‌లో ఫైల్‌వాల్టో) ఆన్ చేసి పూర్తిగా షట్‌డౌన్ చేసి వెళ్లండి, ఊరికే మూత మూస్తే చాలదు.

బయటికి వెళ్లేటప్పుడు "గది శుభ్రం చేయండి" బోర్డు తగిలించడం అంటే లోపల ఎవరూ లేరని వరండాకి చెప్పడమే. శుభ్రం కావాలంటే రిసెప్షన్‌కి ఫోన్ చేసి ఎన్నింటికో చెప్పండి, తలుపుకి మాత్రం "డిస్టర్బ్ చేయొద్దు" బోర్డే ఉండనివ్వండి.

ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకునేవాళ్లు పాలసీలో "అన్అటెండెడ్" అనే మాట ఎక్కడుందో వెతకండి. ఎవరూ చూడకుండా వదిలేసిన వస్తువుకి చాలా పాలసీలు డబ్బివ్వవు, తాళం వేసిన సేఫ్‌లో ఉందంటే కొన్ని ఇస్తాయి, ఒక్కో వస్తువుకి ఇంతే అని గీత కూడా ఉంటుంది. పోలీసు రిపోర్టు, కొన్న బిల్లు లేకుండా క్లెయిమ్ ముందుకి కదలడం కష్టం. బిల్లుల ఫొటోలు, సీరియల్ నంబర్లు, ఫోన్ ఐఎంఈఐ నంబరు బయల్దేరే ముందే ఈమెయిల్‌లో పెట్టుకోండి, ఫోన్‌లోనే పెట్టుకుంటే ఫోన్‌తో పాటే పోతాయి.

వెళ్లిపోయే రోజు సేఫ్‌లో వస్తువులు మర్చిపోవడం దొంగతనం కన్నా మామూలు విషయం. రాత్రే ఒక కాలి బూటు సేఫ్‌లో పెట్టేస్తే అది తీయకుండా గది దాటలేరు. తెల్లవారుజామున ఫ్లైట్ ఉంటే మాత్రం బూటు ఉపాయం కూడా వద్దు, రిసెప్షన్ కవరూ సేఫ్‌లో సామానూ ముందు రోజు సాయంత్రమే తీసేసుకోండి, నాలుగింటికి బ్యాటరీ అయిపోతే తాళంచెవి ఉన్న మనిషి ఇంట్లో నిద్రపోతుంటాడు.