పలాస జీడి బోర్మా దగ్గర మూడేళ్లు: ఐఎన్‌ఏ 333 ఆంప్లిఫయర్

శ్రీకాకుళంలో మాది చిన్న రిపేరు షాపు. కాటాలు, యూపీఎస్‌లు, మోటారు స్టార్టర్లు, ఏవొస్తే అవి చేస్తాం. పలాసలో మా మేనమామకి జీడిపప్పు యూనిట్ ఉంది. బోర్మాలో, అంటే పప్పుని వేడికి ఆరబెట్టే గదిలో, పప్పు సరిగ్గా ఆరకపోతే పైతొక్క ఊడదు. ఎక్కువ ఆరితే తీసేటప్పుడే విరిగి ముక్కలవుతుంది. గుండు పప్పు రేటుకీ ముక్క రేటుకీ ఉన్న తేడా పలాసలో చిన్నపిల్లాడికైనా తెలుసు. అందుకే ట్రే తూచి, ఎంత తేమ పోయిందో చూసే ఏర్పాటు ఒకటి చేయమన్నాడు. అమ్మకానికి వాడే ముద్ర కాటాల జోలికి నేను పోలేదు. ఇది లోపల పనికి మాత్రమే.

బరువుని చిన్న వోల్టేజీగా మార్చే లోడ్ సెల్ 40 కిలోలది, తనకిచ్చిన ఒక్కో వోల్టుకి నిండు బరువు మీద 2 మిల్లీవోల్టులు ఇచ్చే రకం. 5 వోల్టులు ఇస్తే నిండు బరువు మీద వచ్చేది 10 మిల్లీవోల్టులు. అంటే గ్రాముకి పావు మైక్రోవోల్టు. మాకు పది గ్రాముల తేడా తెలియాలి, అంటే రెండున్నర మైక్రోవోల్టులు. ఆ లెక్క కాగితం మీద వేసుకున్నాకే అంత చిన్న వోల్టేజీని పెంచడం మామూలు ఆంప్లిఫయర్ చిప్ ఎల్‌ఎం 358తో అయ్యే పని కాదని అర్థమైంది. దాని ఆఫ్‌సెటే, అంటే ఇన్‌పుట్ సున్నా ఉన్నా కలిసిపోయే తప్పుడు వోల్టేజీయే, కొన్ని మిల్లీవోల్టులు.

మొదట ఇలాంటి పనికే వాడే ఏడీ 620 ఆంప్లిఫయర్ తెచ్చాను. ఎందుకంటే అందరిలాగే నేనూ నాయిస్ (చిప్ తనంతట తను కలిపే గోల) అంకె చూసి కొన్నాను. 1 కిలోహెర్ట్జ్ దగ్గర రూట్ హెర్ట్జ్‌కి 9 నానోవోల్టులు. ఐఎన్‌ఏ 333కి అదే అంకె 50. ఐదు రెట్లు గోల చేసేదాన్ని ఎవడు కొంటాడు?

షాపులో టేబుల్ మీద ఏడీ 620 బంగారంలా పనిచేసింది. ఒక గ్రాము అటూ ఇటూ, అంతే. పలాస తీసుకెళ్లి బిగించాక మధ్యాహ్నానికి మావయ్య ఫోన్: "ఏటిరా అల్లుడూ, ఒట్టి ట్రేకి కూడా బరువెక్కిపోతంది?" పొద్దున 22 డిగ్రీలున్న చోటు బోర్మా వేడికి 38 అవుతోంది. సున్నా 20 గ్రాములు పైకి జారింది. డేటాషీట్ మొదటి పేజీలో డ్రిఫ్ట్, అంటే వేడికి ఆఫ్‌సెట్ జారడం, డిగ్రీకి 0.6 మైక్రోవోల్టు గరిష్ఠం అని ఉంటుంది. అది మేలు గ్రేడుది. మనకి చవగ్గా దొరికే ఏ గ్రేడుకి 1 మైక్రోవోల్టు, మామూలుగా 0.3. పదహారు డిగ్రీలకి ఆ 0.3తో గుణించుకున్నా ఐదు మైక్రోవోల్టులు, అంటే సరిగ్గా మా 20 గ్రాములు. చిప్ తప్పేమీ లేదు, నేనే లోపలి పేజీ చదవలేదు.

దాని బదులు వేసిన ఐఎన్‌ఏ 333 తన ఆఫ్‌సెట్‌ని తనే ఎప్పటికప్పుడు సరిచేసుకునే జాతి. మేం వాడే గెయిన్‌లో (వోల్టేజీని ఎన్ని రెట్లు పెంచాలో అది) డ్రిఫ్ట్ డిగ్రీకి సుమారు 0.1 మైక్రోవోల్టు. పది హెర్ట్జ్ లోపు దాని నాయిస్ 1 మైక్రోవోల్టు, కాబట్టి రీడింగు నాలుగు గ్రాములు ఊగుతూనే ఉంటుంది. కానీ ఆ ఊగడం ఎటు పడితే అటు కాబట్టి పది సెకన్ల సగటు తీస్తే గ్రాము లోపుకి వస్తుంది. జారిపోయే సున్నాకి ఎంత సగటు తీసినా లాభం లేదు. ట్రే పెట్టి పది సెకన్లు ఆగడానికి ఇక్కడ ఎవరికీ తొందర లేదు. మైక్‌కో గుండె చప్పుడుకో అయితే నా సలహా వేరేలా ఉండేది.

ఇక తిట్లు. ఇది బోర్డు రంధ్రాల్లో దూర్చే పొడవు కాళ్ల చిప్‌గా దొరకదు. ఎనిమిది కాళ్లూ 0.65 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి. నలభై దాటిన కళ్లకి భూతద్దం తప్పదు. 5.5 వోల్టులు దాటకూడదు. పాత అలవాటు కొద్దీ 12 వోల్టులు తగిలించి మొదటిదాన్ని ఐదు నిమిషాల్లో చంపాను. ఏడీ 620 అయితే 12 ప్లస్, 12 మైనస్ హాయిగా తినేది.

మరో నెల నన్ను తిప్పలు పెట్టింది మాత్రం చిప్ కాదు. ఒట్టి ట్రేకి సున్నా బాగానే నిలబడుతోంది, 20 కిలోలు పెడితే మాత్రం మధ్యాహ్నానికి తేడా. అంటే జారుతున్నది సున్నా కాదు, గెయిన్. గెయిన్ పెట్టే 499 ఓమ్‌ల రెసిస్టర్ డ్రాయర్‌లో దొరికిన 100 పీపీఎం రకం, అంటే డిగ్రీకి పది లక్షల్లో 100 వంతులు మారేది. పదహారు డిగ్రీలకి 0.16 శాతం, 20 కిలోల మీద 32 గ్రాములు! లోడ్ సెల్‌కి 5 వోల్టులిచ్చే 7805 రెగ్యులేటర్ కూడా వేడికి కదులుతోంది. 25 పీపీఎం రెసిస్టర్ వేసి, వోల్టేజీని వేడికి కదలనివ్వని రిఫరెన్స్ చిప్‌ని, సెల్ కరెంటుకి ట్రాన్సిస్టర్ జోడించి, పెట్టాక గానీ శాంతి లేదు. చిప్ మీద వందలు పెట్టి రెసిస్టర్ దగ్గర రూపాయి మిగిల్చుకున్నందుకు ఫలితం.

వైర్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. లోడ్ సెల్ కేబుల్‌ని మోటారు కేబుల్ పక్కన లాగొద్దు. షీల్డ్‌ని ఒక్క చివరే ఎర్త్ చేయండి. ఫోన్ మోగినప్పుడల్లా రీడింగు ఎగిరేది. ఇన్‌పుట్‌లకి 1 కిలో ఓమ్ రెసిస్టర్లు, చిన్న కెపాసిటర్లు పెట్టాక ఆగింది. కిలో ఓమ్ రెసిస్టర్‌కి సొంత నాయిస్ 4 నానోవోల్టులుంటుంది గానీ, చిప్‌కున్న 50 పక్కన దాని గొంతు వినబడదు.

పీఎల్‌సీకి (యంత్రాల్ని నడిపే కంట్రోలర్‌కి) వోల్టేజీ ఇవ్వాల్సిన పని లేనివాళ్లకి ఇదంతా ఎందుకు? లోడ్ సెల్ వోల్టేజీని నేరుగా అంకెలుగా మార్చే హెచ్‌ఎక్స్ 711 బోర్డు వంద రూపాయల లోపు కొనండి. గెయిన్ 128లో, సెకనుకి పది రీడింగుల దగ్గర దాని నాయిస్ 50 నానోవోల్టులే. షాపులో నా సొంత ప్రయోగాలన్నిటికీ నేను వాడేది అదే. మావయ్య పాత పీఎల్‌సీ 0 నుంచి 5 వోల్టులు తప్ప ఇంకేమీ చదవదు కాబట్టి ఇన్ని పాట్లు.

మూడేళ్లలో చిప్ మార్చలేదు. రెండో వానాకాలం మాత్రం సున్నా పిచ్చిపిచ్చిగా తిరిగింది. చూస్తే టంకం వేసినప్పటి ఫ్లక్స్ కడగకుండా వదిలేశాను, దానికి తేమ పట్టింది. ఐసోప్రొపైల్‌తో కడిగి, ఆరబెట్టి, పైన లక్క పూత వేశాను. ఇప్పుడు పొద్దున్నుంచి సాయంత్రానికి సున్నా మూడు నాలుగు గ్రాములు కదులుతుంది. అందులో సగం లోడ్ సెల్‌దే అనుకుంటాను, వేడి ట్రే నేరుగా దాని మీదే పెడతారు కదా. మధ్యలో ఒక చెక్క పలక వేశాం. మంచు కురిసే రోజుల్లో పొద్దున స్విచ్ వేశాక అరగంట ఆగి సున్నా నొక్కమని గోడ మీద రాసి పెట్టాను. మావయ్య ఆగడు.