అంబాసిడర్ ఎత్తడానికి 3 టన్నుల ట్రాలీ జాకీ, పిన్ను స్టాండ్లు: ఆరేళ్లు వాడాక

జాకీ కొనేటప్పుడు అందరూ టన్నులు అడుగుతారు. అంబాసిడర్‌కు అడగాల్సింది అంగుళాలు. బండి బరువు దాదాపు 1,150 కిలోలు. ఒక వైపు చక్రాల జత ఎత్తితే జాకీ మీద పడేది అందులో ఇంచుమించు సగమే కాబట్టి బరువుకు 2 టన్నుల జాకీ ఎక్కువే. చాలనిది ఎత్తు. 15 అంగుళాల రిమ్ముల మీద నిలబడ్డ బండికి వెనక హౌసింగ్ గొట్టం (వెనక ఇరుసును కప్పి ఉండే గొట్టం) అడుగే నేలకు సుమారు 11 అంగుళాల పైన ఉంటుంది. చిన్న 2 టన్నుల ట్రాలీ జాకీలు చాలామటుకు 13, 14 అంగుళాలకే ఆగిపోతాయి. టైరు నేల వదిలిందో లేదో, జాకీ పని అయిపోతుంది. ఆ లోటును చెక్క దిమ్మెతో పూడుస్తారు. బండి జారేది సరిగ్గా అక్కడే.

ఈ సమీక్షలోది 20 అంగుళాల దాకా లేచే 3 టన్నుల పొడవాటి జాకీ, దానికి తోడు 11 నుంచి 17 అంగుళాల మధ్య నిలిచే 3 టన్నుల పిన్ను స్టాండ్లు రెండు జతలు. ఎత్తిన బండిని మోసేవి ఈ స్టాండ్లే, వాటి ఎత్తును బెజ్జంలో దూర్చిన పిన్ను నిలుపుతుంది. వాడకం చెన్నై తిరువాన్మియూరులో, అపార్టుమెంటు కింది స్టిల్ట్ పార్కింగులో, నెలకు ఒకటి రెండుసార్లు.

జాకీ పనితనానికి వంక పెట్టలేం. పది పన్నెండు పంపులకు వెనక భాగం కావలసినంత లేస్తుంది. వంకంతా బరువులోనే. 35 కిలోల ఇనుము, ఒక్కరు ఎత్తి డిక్కీలో వేసుకునే సరుకు కాదు. జాకీని దించే రిలీజ్ వాల్వ్ కొత్తలో బిగుసుకుని ఉంటుంది. విదిలించి తిప్పితే బండి ఒక్కసారిగా దిగుతుంది. హ్యాండిల్‌ను రెండు చేతులా పట్టుకుని, పావు చుట్టుకు మించకుండా తిప్పాలి.

నాలుగో ఏట కిందికి దిగజారడం మొదలైంది, పది నిమిషాలకు అర అంగుళం చొప్పున. కారణం సముద్రపు గాలి. సగం లేపి వదిలేస్తే బయటికి వచ్చిన పిస్టన్ కడ్డీకి ఉప్పు గాలి తగిలి సన్నటి గుంటలు పడతాయి. ఆ గరుకు ప్రతి పంపుకూ లోపలి సీలును గీస్తుంది. అందుకే పని కాగానే పూర్తిగా దించి పెట్టాలి, కడ్డీని నూనె గుడ్డతో తుడవాలి. సీళ్ల కిట్టు జనరల్ పేటర్స్ రోడ్డులో దొరికింది. లోపల పోయాల్సింది హైడ్రాలిక్ జాకీ ఆయిలే. బ్రేక్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైపోతాయి. నింపాక వాల్వ్ తెరిచి, బరువు లేకుండా పదిహేను సార్లు పంపు కొడితే గాలి పోతుంది.

స్టాండ్లు పిన్నువే కావాలని పట్టుబట్టడానికి కారణం ఉంది. పళ్ల రకం స్టాండులో కొక్కెం పంటి లోతుకు కూర్చుందో లేదో బయటికి కనపడదు. కొన అంచు మీద ఆగినా కూర్చున్నట్టే అనిపిస్తుంది. 2020లో అమెరికాలో లక్షల స్టాండ్లను ఈ లోపంతోనే వెనక్కి తీసుకున్నారు. పిన్ను అయితే అటు నుంచి ఇటు వచ్చిందా లేదా, అంతే. చిక్కల్లా బెజ్జాల మధ్య అంగుళంన్నర దూరం, నడిమి ఎత్తు దొరకదు. పిన్ను పోతే చేతికందిన బోల్టు దూర్చకండి. మరలు కోసిన చోట కడ్డీ సన్నబడుతుంది, తెగేదీ అక్కడే. పిన్నును గొలుసుతో స్టాండుకే కట్టేస్తే ఆ బెడద ఉండదు.

నేల సంగతి జాకీ పెట్టె మీద ఎవరూ రాయరు. జాకీ చెయ్యి వంపుగా లేస్తుంది, లేచేకొద్దీ తల హ్యాండిల్ వైపు వెనక్కి వస్తుంది. ఆ మేరకు జాకీ బండి కిందికి దొర్లాలి. ఇనుప చక్రానికి చిన్న కంకర రాయి అడ్డం పడ్డా జాకీ కదలదు, తల ఇరుసు మీద జారుతుంది. కాబట్టి ముందు చీపురు. పేవర్ బ్లాకుల మీదైతే జాకీ కింద 6 మిల్లీమీటర్ల ఇనుప రేకు పరవాలి. పార్కింగు టైల్సు కింద బోలు ఉంటే స్టాండు కాళ్లకు పగులుతాయి. తట్టి చూసి, ప్రతి స్టాండు కిందా అడుగు చదరపు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేయాలి. స్టిల్ట్ నేలలకు నీళ్లు పోవడానికి వాలు ఉంటుంది, తాపీ మేస్త్రీ రసమట్టం ఒకటి పెట్టి చూసుకోవాలి. వాచ్‌మన్ ప్రేమగా తెచ్చిచ్చే ఇటుకలకూ హాలో బ్లాకులకూ దండం పెట్టండి. అవి వంగవు, చెప్పకుండా పేలిపోతాయి.

వెనక వైపు ఎత్తేటప్పుడు అందరూ మరిచేది ఒకటుంది. ఈ బండిలో ఇంజన్ శక్తి వెళ్లేదీ, హ్యాండ్‌బ్రేకు పట్టేదీ వెనక చక్రాలనే. అవి రెండూ లేస్తే గేరూ హ్యాండ్‌బ్రేకూ కూడా గాల్లోనే ఉన్నట్టు. ఒక్క చక్రమే లేచినా డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలను వేర్వేరుగా తిరగనిచ్చే, ఇరుసు నడుమ గేర్ల ఉండ) వల్ల గేరు పట్టు పోతుంది. ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డుచెక్కలు తప్పనిసరి. చక్రం నట్లు నేల మీదుండగానే పావు చుట్టు వదులు చేసుకోవాలి.

జాకీని డిఫరెన్షియల్ నడుమ పెడితే రెండు వైపులా ఒకేసారి లేస్తుంది, డ్రెయిన్ ప్లగ్గు మీద మాత్రం పడకూడదు. స్టాండ్లు హౌసింగ్ గొట్టం కింద, కమాన్ పట్టీలకు (వెనక స్ప్రింగు పట్టీలకు) పక్కనే. హౌసింగ్ వెంట పోయే బ్రేకు పైపు స్టాండు తలకూ గొట్టానికీ మధ్య నలగకుండా వేలితో తడిమి చూడాలి. పట్టీలే విప్పే పనైతే స్టాండ్లు ఇరుసు కింద పనికిరావు. పట్టీ ముందు కొస బిగించిన చోటుకు కాస్త ముందు, బాడీ గట్టి భాగం కింద పెట్టాలి. ముందు వైపైతే క్రాస్ మెంబరు, అంటే అడ్డంగా పోయే గట్టి దూలం కింద. చాంబర్ (ఇంజన్ ఆయిల్ తొట్టి) జోలికి పోవద్దు, అది రేకు. పక్క రన్నింగ్ బోర్డుల అడుగు పైకి పెయింటుతో మెరుస్తున్నా లోపల తుప్పు తినేసి ఉండొచ్చు. స్క్రూడ్రైవరు పిడితో కొట్టి, డబడబ శబ్దం వస్తే అక్కడ బరువు మోపకండి.

బరువు స్టాండ్ల మీదికి దిగాక జాకీని తీసేయకుండా తగిలీ తగలనట్టు ఉంచుతాం. బంపరు పట్టుకుని గట్టిగా ఊపుతాం. ఊడదీసిన చక్రాన్ని రన్నింగ్ బోర్డు కిందికి తోస్తాం. ఆ తర్వాతే కిందికి దూరడం.

జాకీ తల మీది రబ్బరు రెండేళ్లకోసారి నలిగిపోతోంది. పాత లారీ టైరు ముక్క గుండ్రంగా కోసి పెడితే కొన్నదానికన్నా ఎక్కువ కాలం వస్తోంది.