రాయి కంటే ముందు లెక్క చూపించిన యార్డు

పెరట్లో నడక దారికి, మెట్లకి, మొక్కల చుట్టూ పరిచే కంకరకి మెటీరియల్ మొత్తం ఒకే రాళ్ల యార్డులో తీసుకున్నాను. రాయి బాగుంది. అయితే నేను చెప్పాలనుకున్నది వాళ్ల ఎస్టిమేట్ గురించి, ఎందుకంటే రాళ్ల విషయంలో మన డబ్బు ఎక్కువగా పోయేది అక్కడే.

మామూలుగా షాపుకెళ్లి "ఆరొందల చదరపు అడుగులు కావాలి" అంటే రేటు చెప్పి, లోడు ఎప్పుడు పంపమంటారని అడుగుతారు. ఇక్కడాయన ముందు స్కెచ్ చూపించమన్నారు. రాళ్లు నేరుగా పరుస్తారా, ఐమూలగానా? దారి ఎక్కడైనా వంపు తిరుగుతుందా? మధ్యలో చెట్లు, చాంబర్ మూతలు ఉన్నాయా? కారు ఎక్కుతుందా, మనుషులే నడుస్తారా? నేరుగా పరిచే చోట 10 శాతం, వంపుల దగ్గర 15 శాతం వేస్టేజ్ వేశారు. మెట్లని అందులో కలపకుండా అడుగుల పొడవు లెక్కన విడిగా చూపించారు. అసలు విస్తీర్ణం ఎంత, అదనం ఎంత అన్నది కాగితం మీద వేర్వేరుగా ఉంటే మేస్త్రీతో కూర్చుని సరిచూసుకోవడం చాలా తేలిక.

బరువు కూడా రాసిచ్చారు. 30 మిల్లీమీటర్ల గ్రానైట్ చదరపు అడుగుకి దాదాపు ఏడున్నర కిలోలు తూగుతుంది. ఆరొందల అడుగులంటే నాలుగున్నర టన్నులు! ఏ బండి వస్తుంది, దించడానికి ఎంతమంది కావాలి, రాళ్లు ఎక్కడ నిలబెట్టాలి అన్నవి ఆ అంకె చూశాకే తేలాయి. లోడు వచ్చిన రోజు టెన్షన్ లేకుండా పోయింది.

కంకర లెక్క ఇంకా ముఖ్యం. అమ్మేది టన్నుల్లో, మనకి కావలసింది లోతు. 200 చదరపు అడుగుల్లో 2 అంగుళాల మందం పరచాలంటే దాదాపు 33 ఘనపుటడుగులు, అంటే ఇంచుమించు ఒకటిన్నర టన్ను. తడి కంకర బరువు ఎక్కువ తూగుతుంది కాబట్టి వాన పడ్డాక తూకం వేయించుకోవద్దని వాళ్లే చెప్పారు. అమ్మేవాళ్ల నోట ఆ మాట రావడం నాకు చాలా నచ్చింది. నడిచే చోట నున్నటి గులకరాళ్లు కాలి కింద దొర్లుతాయి, కోణాలున్న కంకర ఒకదానిలో ఒకటి బిగుసుకుంటుందని చెప్పి, గులకరాళ్లని మొక్కల చుట్టూ మాత్రమే పెట్టించారు.

నేను మొదట పాలిష్ చేసిన సున్నపురాయి అడిగాను. ఆయన ఒక ముక్క మీద నాలుగు చుక్కల నిమ్మరసం వేసి, కాసేపాగి తుడిచారు. వెలుగులో వంచి చూస్తే ఆ చుక్కలంత మేర మెరుపు పోయింది, వేలితో రాస్తే గరుకు తగిలింది. పక్కనే గ్రానైట్ మీద అదే రసం వేస్తే ఏ మచ్చా లేదు. సున్నపురాయి, పాలరాయి రెండింటిలోనూ ఉండేది కాల్షియం కార్బొనేటే, పులుపు తగిలితే కరుగుతుంది. తర్వాత ఇసుకరాయి మీద నీళ్లు పోశారు, చూస్తుండగానే పీల్చేసుకుని నల్లబడింది. పాలిష్ గ్రానైట్ తడిస్తే జారుతుంది కాబట్టి, చివరికి బయటికంతా మంటతో కాల్చి గరుకు చేసిన గ్రానైట్ తీసుకున్నాను. ఎవరి దగ్గర కొన్నా ఈ రెండు పరీక్షలు చేసి చూపించమనండి. కాదనడానికి కారణమేమీ ఉండదు.

ఇక నచ్చనివి. 30 మిల్లీమీటర్లని బిల్లులో ఉన్నా, కొన్ని రాళ్లు టేపు పెడితే 26 దగ్గరే ఆగాయి. నేల మీదైతే కింద మాల్ ఎక్కువ వేసి సర్దుకోవచ్చు, మెట్ల అంచుల్లో ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఫిర్యాదు చేస్తే మాట్లాడకుండా మార్చారు, అదీ అదే లాట్ నుంచి, రంగు తేడా రాకుండా. కానీ అవి వచ్చేదాకా పనివాళ్లు ఖాళీగా కూర్చున్నారు, ఆ కూలి నా మీదే పడింది. రవాణా ఖర్చు దగ్గర "అదనం" అని మాత్రమే రాశారు, అంకె లేదు. అన్నీ అంత వివరంగా రాసేవాళ్లు అది వదిలేయడం సరికాదు. ఆర్డర్ ఇచ్చేముందే ఆ అంకె రాయించుకోండి, మందంలో ఎంత తేడా వరకు ఒప్పుకుంటారో కూడా బిల్లు మీదే పెట్టించండి.