పీటా బ్రెడ్ పార్టీ ఆర్డర్ పెట్టేవాళ్ళు జాగ్రత్త: గుడ్డు లేదని చెప్పి పచ్చిగుడ్డు మయోనీస్ పంపించారు

నిన్న శనివారం రాత్రి మా ఇంట్లో జరిగింది ఇది. ఇంకా కోపం తగ్గలేదు, రాతలో తప్పులుంటే సర్దుకోండి. పేరు ఇక్కడ పెట్టడం లేదు. ఇంట్లోనే వండి అరబ్బీ ఐటమ్స్ డెలివరీ ఇస్తామని మన నెల్లూరు గ్రూపులన్నిట్లో తిరుగుతున్న ఆ మెనూ కార్డు మీలో చాలామంది ఫోన్లలో ఉండే ఉంటుంది. అదే.

మా నాయన కువైట్‌లో 21 ఏళ్ళు చేసి పోయిన నెలలో వచ్చేశాడు. ఇక పోడు. ఆడ చేసింది రొట్టెల బేకరీలోనే. తనతో పాటు ఉండి వచ్చిన ఐదుగురు ఇక్కడే చుట్టుపక్కల ఉండారు, వాళ్ళని కుటుంబాలతో పిలిచి, ఆడ వాళ్ళు రోజూ తిన్న తిండి ఒక్క పూట పెడదామని నా ఆశ. మొత్తం 24 మంది. అందరికీ కుదిరింది శనివారమే. శనివారం మా ఇంట్లో నీచు ముట్టం. అందుకని మొత్తం వెజ్. 50 పీటాలు, 80 ఫలాఫెల్ (శనగలు రుబ్బి వేయించే వడలు), రెండు కిలోల హమ్మస్ (ఉడికిన శనగల ముద్ద), అరకిలో తూమ్ (తెల్లటి వెల్లుల్లి సాస్), తహీనీ (నువ్వుల ముద్ద) సాస్, కాల్చిన వంకాయతో చేసే బాబా గనూజ్, ఫత్తూష్ సలాడ్, గులాబీ రంగు ముల్లంగి ఊరగాయ. 6,800 రూపాయలు. మొత్తం ముందే ఫోన్‌పేలో కొట్టేశాను.

ఒక్క విషయం మాత్రం మూడుసార్లు అడిగాను. తూమ్‌లో గుడ్డు వెయ్యరు కదా అని. మొదటిసారి ఫోన్లో, తర్వాత రెండుసార్లు వాట్సాప్‌లో. "100% ప్యూర్ వెజ్ మేడమ్, మేము కూడా శనివారం తినము" అని ఆ వండి పంపే ఆమె రాసింది, దండం బొమ్మ కూడా పెట్టింది. ఆ మెసేజ్ ఇంకా నా దగ్గరే ఉంది. ఎందుకు అన్నిసార్లు అడిగానంటే మా పిన్నమ్మ కోసం. మా చిన్నాన్నకి గుండె ఆపరేషన్ అయినప్పుడు వెంకటేశ్వరస్వామికి మొక్కుకుంది ఆమె. అప్పటినుంచి 14 ఏళ్ళుగా శనివారాలు పగలు ఉపవాసం, రాత్రి పలారం. ఎవరింటికి పిలిచినా శనివారం అంటే రాదు. రొట్టె, పప్పు వడల్లాంటివే కదా, నీకు పలారం సరిపోతుంది రా పిన్నమ్మా అని బతిమాలి తీసుకొచ్చింది నేనే.

ఏడింటికి ఇస్తామన్నారు. ఎనిమిదీ ఇరవైకి వచ్చింది. పిల్లలు అప్పటికే బిస్కెట్లు తింటా కూర్చున్నారు.

డబ్బా మూత తియ్యంగానే సోడా వాసన. నాయన ఒక రొట్టె చేతిలోకి తీసుకున్నాడు. వేళ్ళతో అటూ ఇటూ నొక్కాడు. సగానికి కోసి, బొటనవేలు అంచులో పెట్టి తెరవబోయాడు. తెరుచుకోలేదు, చిరిగింది. ఇంకొకటి తీసుకున్నాడు. అదీ అంతే. ఆరు రొట్టెలు అట్టా చూసి గమ్మున డబ్బాలో పెట్టేశాడు. "ఇది పెనం మీద కాల్చిన మైదా రొట్టెమ్మా, లోపల సంచి రాలేదు" అన్నాడు, అంతే. పీటా అంటేనే ఆ సంచి. ఈస్ట్‌తో పొంగిన పిండిని పల్చగా ఒత్తి బాగా కాలిన బట్టీలో వేస్తే పైనా కిందా వెంటనే గట్టిపడి, లోపలి తడి ఆవిరై రెండు పొరల్నీ విడదీస్తుంది. బంతిలా పొంగి, బయటికి తీశాక అణుగుతుంది. కొయ్యంగానే జేబులా తెరుచుకోవాలి, అందులోనే కూరేది. జేబు లేకపోతే ఇంక ఏం పెట్టేది, యాడ పెట్టేది?

హమ్మస్ నోట్లో పెట్టుకుంటే మన పుట్నాల పచ్చడి. కాబూలీ శనగలు లేవు, నువ్వుల ముద్ద లేదు, వెల్లుల్లి, నిమ్మరసం, పైన కాస్త నూనె, కారం చల్లారు. ఫలాఫెల్ అన్నవి నల్లగా మాడిన మసాలా వడలు. శనగపప్పు, సోంపు. ఫలాఫెల్‌కి కాబూలీ శనగలు రాత్రంతా నానబెట్టి ఉడికించకుండా పచ్చివే రుబ్బుతారు, దండిగా కొత్తిమీర పడి లోపల పచ్చగా ఉండాలి. ఈజిప్టు వాళ్ళయితే శనగల బదులు ఫావా బీన్స్ అనే పెద్ద చిక్కుడు గింజలు వేస్తారని నాయన స్నేహితుడు ఒకాయన చెప్పుకొచ్చాడు. ఫత్తూష్‌లో అయితే రొట్టె ముక్కే లేదు. మిగిలిపోయిన పీటాని కరకరలాడేట్టు వేయించి కలిపితేనే దాన్ని ఫత్తూష్ అనేది.

ఇంతవరకూ నేనేమీ అనలేదు. అతిథుల ముందు గొడవెందుకని అందరికీ వడ్డించాను. రొట్టె మడిచి అందులో వడ, సలాడ్, తూమ్ పెట్టి పిన్నమ్మకి కూడా నా చేత్తోనే ఇచ్చాను. ఒకటి తిని, "బాగుందే" అని ఇంకోటి అడిగింది. పగలంతా కడుపులో ఏమీ లేదు పాపం.

అప్పుడు నాయన తూమ్ వేలితో తీసుకుని నాకి, నా వైపు చూశాడు. "ఇది తూమ్ కాదు, మయోనీస్" అన్నాడు మెల్లగా. నాకు కాళ్ళు చల్లబడిపోయాయి. తూమ్ లెబనాన్ వాళ్ళది. వెల్లుల్లి, ఉప్పు నూరి, నూనె సన్నటి ధారగా పోస్తా నిమ్మరసం చుక్కలు కలుపుతా కొడితే వెల్లుల్లే పట్టుకుని తెల్లగా నురగలా అవుతుంది. గుడ్డుతో పనే లేదు.

ఫోన్ చేశాను. చుట్టూ పిల్లల అరుపుల్లో వినబడక స్పీకర్ పెట్టాను. అట్టా పెట్టకుండా ఉండాల్సింది. మేడమ్, తూమ్‌లో గుడ్డు ఉందా అని అడిగితే ఆమె ఏమాత్రం తడుముకోకుండా అన్న మాట ఇది: "మయోనీస్ గుడ్డు లేకుండా ఎట్టా వస్తుంది మేడమ్? మేము ప్యాకెట్‌ది వాడం, ఇంట్లోనే ఫ్రెష్‌గా కొడతాం."

వెజ్ అని రాశారు కదా, మూడుసార్లు అడిగాను కదా అంటే, "గుడ్డు వెజ్జేగా, ఈ రోజుల్లో ఎవరు పట్టించుకుంటున్నారు, ఒక్క పూట తింటే ఏమీ చావరు లెండి" అంది. నాయన ఫోన్ దగ్గరికి వంగి, అమ్మా, రొట్టెలు కూడా పీటా కాదు, నేను బేకరీలో పనిచేసినవాడిని అని మర్యాదగానే చెప్పబోయాడు. "కువైట్‌లో రొట్టెలు మోసినోళ్ళు కూడా మాకు చెప్పేవాళ్ళయ్యారు" అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. పది నిమిషాలకి నా నంబర్ బ్లాక్.

ఇల్లంతా విన్నారు. పిన్నమ్మ చేతిలో రెండో రొట్టె సగం అట్టాగే ఉంది. ఆమె నన్నేమీ అనలేదు. లేచి పెరట్లోకి పోయి నోరు పుక్కిలించి, మళ్ళీ పుక్కిలించి, తల మీద నీళ్ళు పోసుకుని వచ్చి దేవుడి పటం ముందు కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది. నిన్నటి నుంచి ఆ కూర్చున్న వీపే నా కళ్ళ ముందు ఉంది.

ఊరు గురించి కూడా ఒక మాట. రొట్టెల పండుగకి బారాషహీద్ దర్గా కాడ, స్వర్ణాల చెరువు నీళ్ళలో దిగి కులం మతం చూడకుండా ఒకరి చేతి రొట్టె ఒకరు నమ్మి తీసుకునే ఊరు మనది. మా అమ్మ విదేశీ రొట్టె (విదేశం పోవాలని కోరుకునేవాళ్ళు పట్టేది) పట్టిన ఏడాదే నాయనకి వీసా వచ్చింది. ఆ రొట్టె ఎవరు చేశారు, ఏ ఇంటిది అని అమ్మ అడగలేదు. ఇట్టాంటి ఊళ్ళో రొట్టె అమ్ముకునే మనిషి నోటి నుంచి ఆ మాట రావడం నాకు మింగుడు పడటం లేదు.

నా తప్పు కూడా ఉంది. డబ్బు మొత్తం ముందే ఎందుకు కొట్టాలి? 24 మందికి చెప్పే ముందు ఒక్కసారి రెండు రొట్టెలు తెప్పించి నాయనకి చూపించి ఉండొచ్చు. మెనూ కార్డు మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబర్ ఉందా అని కూడా చూడలేదు. ఇంట్లో వండి అమ్మే చిన్నవాళ్ళకైనా ఆ రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే, 14 అంకెలు ఉంటాయి. ఇప్పుడు చూస్తే కార్డు మీద ఎక్కడా లేదు. ఫొటోల్లో రొట్టెలు ఉబ్బి ఉండాయని నమ్మాను. ఆ ఫొటోలు వాళ్ళవి కాదు.

ఇంకో భయం నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. పచ్చిగుడ్డుతో కొట్టిన మయోనీస్, మన ఎండల్లో ఎప్పుడు చేశారో తెలియదు, బండి మీద ఎంతసేపు తిరిగిందో తెలియదు. పచ్చిగుడ్డులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉంటే బయట వేడికి తొందరగా పెరుగుతుంది. ఈ కారణంతోనే తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో పచ్చిగుడ్డు మయోనీస్‌ని ఏడాది పాటు నిషేధించింది, 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కూడా నిషేధించింది. నిన్న తిన్నవాళ్ళలో నాలుగేళ్ళ పిల్లలు ఇద్దరు, ఏడో నెల కడుపుతో ఒకమ్మాయి. పొద్దున్నే అందరికీ ఫోన్లు చేశాను, ఇప్పటికి అందరూ బాగానే ఉండారు.

ఈ రోజు పొద్దున నేను లేచేసరికి నాయన వంటింట్లో ఉన్నాడు. రాత్రే శనగలు నానబోశాడు, నాకు తెలియదు. మైదా, ఈస్ట్, ఉప్పు, గోరువెచ్చని నీళ్ళు, చెంచా నూనె. పిండి రెట్టింపు అయినాక ఉండలు చేసి, అర సెంటీమీటరు కన్నా పల్చగా ఒత్తి, మా చిన్న ఓవెన్‌ని 250 డిగ్రీలకి పెట్టి, లోపలి ట్రే కూడా బాగా కాలిందాకా ఆగి వేశాడు. మూడు నాలుగు నిమిషాలకి ఒక్కోటి బంతిలా లేచింది. తీసిన వెంటనే గుడ్డలో చుట్టాడు, మెత్తగా ఉండటానికి. నువ్వులు కాస్త దోరగా వేయించి నూనెతో మెత్తగా రుబ్బితే తహీనీ. అందులో నిమ్మరసం, వెల్లుల్లి, చల్లటి నీళ్ళు కలిపితే సాస్, మెత్తగా ఉడికిన శనగలతో రుబ్బితే హమ్మస్. ఒక్క పూటలో ఇంట్లో అయ్యే పనికి నేను 6,800 పోశాను.

ఆదివారం కాబట్టి నాయన మాకు ఇంకో రకం కూడా చేశాడు. చక్రాల్లా కోసి వేయించిన వంకాయ, ఉడికించిన గుడ్డు, హమ్మస్, తహీనీ, దోసకాయ టమాటా ముక్కలు, పైన మామిడికాయతో పుల్లగా చేసే ఆంబా అనే సాస్. సబీఖ్ అంటారంట దాన్ని, ఇరాక్ యూదులు ఇజ్రాయెల్‌కి తీసుకుపోయిన తిండి. ఆంబా అన్న మాట మరాఠీలో మామిడికి ఉన్న పేరే. మేము ఉలవపాడు కాయ సన్నగా తరిగి పసుపు, మెంతిపొడి, ఉప్పు, మిరప్పొడి వేసి ఉడికించి రుబ్బాం. పక్కకి కీరదోసకాయ తురిమి నీళ్ళు పిండేసి గట్టి పెరుగులో వెల్లుల్లితో కలిపాం. ముల్లంగి కడ్డీల్లా కోసి ఒక బీట్‌రూట్ ముక్కతో ఉప్పు నీళ్ళు, వెనిగర్‌లో వేసి పెట్టాడు. రెండు మూడు రోజుల్లో గులాబీ రంగు ఎక్కుతుందంట. ఒక్క మాట: జేబులో అడుగున హమ్మస్ రాసి, వడ ఒకటి, ముక్కలు కొన్ని, మళ్ళీ వడ అట్టా పెట్టండి. సాస్ అంతా పైనే పోస్తే అడుగున ఉత్త రొట్టె మిగులుతుంది.

పిన్నమ్మకి శనివారం కోసం విడిగా ఫలాఫెల్ పిండి కట్టి పంపాను. తీసుకుంది, తింటుందో లేదో తెలియదు.

ఆర్డర్ పెట్టేవాళ్ళు 14 అంకెల నంబర్ అడగండి, సగానికి మించి అడ్వాన్స్ ఇవ్వొద్దు, తూమ్ దేనితో చేస్తారో రాతపూర్వకంగా చెప్పమనండి. వచ్చిన రొట్టె డెలివరీ అబ్బాయి ఉండగానే ఒకటి కోసి చూడండి. నేను పొద్దున 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను, రేపు ఆఫీసు తెరవంగానే ఫుడ్ సేఫ్టీ వాళ్ళ దగ్గరికి చాట్ ప్రింట్లు తీసుకుని పోతున్నాను. ఇదే కార్డు చూసి ఆర్డర్ పెట్టి ఇట్టాగే మోసపోయినవాళ్ళు ఎవరైనా ఉంటే మీ చాట్ కూడా ఇవ్వండి, కలిపి ఇస్తాను. వచ్చే శనివారానికి ఎవరైనా వాళ్ళకి ఆర్డర్ ఇచ్చి ఉంటే ఈ రాత్రే ఫోన్ చేసి ఆపుకోండి.